ఇంట్లోకి పాప్‌కార్న్ మిషను



సినిమాహాళ్ళలోనూ తిరునాళ్ళలోనూ మాత్రమే కనిపించే పాప్‌కార్న్ మిషను ఇప్పుడు మన ఇళ్ళలోకి కూడా వస్తున్నది. నాలుగు వైపులా అద్దములు, పైన వేలాడే చిన్న గిన్నె, లోపల పసుపుపచ్చని దీపము, ఎర్రని పైకప్పు. చూసిన పిల్లలు దాని దగ్గర నుండి కదలరు. గృహ సందర్శనమునకు వెళ్ళినప్పుడు వంటగది గట్టు మీద దానిని చూస్తూనే ఉన్నాను. కొన్ని ఇళ్ళలో అది కొడుకో కూతురో అమెరికా నుండి తెచ్చినది, మరికొన్ని ఇళ్ళలో పట్నములో కొన్నది. "అయ్యగారూ, మేమూ ఒకటి తీసుకుందామనుకుంటున్నాము, ఏమంటారు?" అని తల్లులు అడుగుతున్నారు. ఒక యౌవనస్థుడైతే వడ్డీకి తెచ్చి కొని సంతలో పెట్టుకోనా అని అడిగాడు. డబ్బుతో, కరెంటుతో, పసిబిడ్డలతో ముడిపడిన సంగతి గనుక గుమ్మములో నిలబడి ఒక్క మాటలో చెప్పేది కాదు. అందుకే వ్రాస్తున్నాను.

పేలాలు మనకు కొత్త కాదు. జొన్న పేలాలు, వరి పేలాలు మన అమ్మమ్మలు మంగలములో వేయించి పెట్టినవే. వేడి ఇసుకలో గింజలు పోసి పుల్లలతో తిప్పడము, తరువాత జల్లెడ పట్టడము పల్లెలో ఎరుగని వారు లేరు. ఆగకుండా మాట్లాడే మనిషిని పేలాలు వేగినట్టు మాట్లాడుతున్నాడని ఇప్పటికీ అంటాము. మిషను చేసేది కూడా ఆ పనే. ఛార్లెస్ క్రెటర్స్ అనే మిఠాయి వ్యాపారి 1885లో షికాగోలో కంపెనీ పెట్టి, 1893లో ఆ నగరములో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆవిరితో నడిచే పాప్‌కార్న్ మిషనును జనమునకు చూపించాడు. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ జరిగినది కూడా ఆ ప్రదర్శనకు అనుబంధముగానే. అంతకు ముందు అక్కడి వీధులలో అమ్మేవారు తీగ బుట్టలో గింజలు పోసి నిప్పు మీద ఊపేవారు. కొన్ని మాడేవి, కొన్ని పేలేవి కావు. క్రెటర్స్ మిషనులో గింజలన్నీ నూనెలో సమానముగా వేడెక్కేవి. మన గట్టు మీది పెట్టె దాని సంతతే, ఆవిరి పోయి కరెంటు వచ్చినది, అంతే తేడా.

గింజ సంగతి

గింజ ఎందుకు పేలుతుందో తెలిస్తే మిషనుతో వచ్చే సగము చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. పాప్‌కార్న్ గింజ బరువులో నూటికి 13, 14 వంతులు తేమ ఉంటుంది. పైన గట్టి పొట్టు ఉంటుంది. 180 డిగ్రీల సెల్సియస్ వేడి చేరేసరికి లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలికి సుమారు తొమ్మిది రెట్లు అవుతుంది. మన ప్రెషర్ కుక్కరులో ఉండేది రెండు రెట్లే. అప్పుడు పొట్టు పగిలి, లోపల మెత్తబడిన పిండి నురుగులాగా పొంగి, చల్లగాలికి గట్టిపడుతుంది.

"మన చేలో పండిన మొక్కజొన్న పోస్తే రాదా?" అని రైతులు అడుగుతారు. రాదు. కోళ్ళ దాణాకు పోయే మొక్కజొన్న పొట్టు అంత ఒత్తిడిని పట్టి ఉంచలేదు. వేగుతుంది, నెర్రె ఇస్తుంది, మాడుతుంది. పాప్‌కార్న్ అనేది మొక్కజొన్నలోనే వేరొక రకము. గింజ చిన్నగా, గాజులాగా గట్టిగా ఉంటుంది. మరొక ముఖ్యమైన మాట. విత్తనమునకు తెచ్చిన మొక్కజొన్న మిగిలితే ఎట్టి పరిస్థితిలోను వంటకు వాడవద్దు. దానికి పురుగు మందు, తెగులు మందు పట్టించి ఉంటారు. కడిగినా పోదు.

గింజలు మంచివైనా పేలకపోతే తేమ ఆరిపోయిందని అర్థము. సంచి మూతి విప్పి వేసవిలో వదిలేస్తే జరిగేది అదే. ఒక లీటరు సీసా నిండా గింజలు పోసి, పెద్ద చెంచా నీళ్ళు వేసి, గట్టిగా మూత పెట్టి బాగా కుదిపి, మూడు నాలుగు రోజులు ఉంచితే చాలాసార్లు మరల పేలతాయి. మిషను చెడిపోయిందని బాగుచేసేవాని దగ్గరకు మోసుకొని వెళ్ళే ముందు ఈ పని చేసి చూడండి.

ఎంత మందికి?

మిషను పరిమాణమును ఔన్సులలో చెబుతారు. ఒక ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. ఆ కొలత ఒక్కసారి గిన్నెలో పోసే గింజలది. 28 గ్రాముల గింజలు పేలితే ఇంచుమించు ఒక లీటరు పేలాలు అవుతాయి. ఇళ్ళకు వచ్చే చిన్న మిషను రెండున్నర ఔన్సులది, అంటే ఒక వాయికి రెండున్నర లీటర్లు. ఎనిమిది ఔన్సులదైతే ఒక వాయికి దాదాపు బకెట్టెడు.

ఇప్పుడు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకోండి. నలుగురైదుగురు ఉన్న ఇంటికి మందపాటి అడుగున్న గిన్నె, మూత చాలు. రెండు చెంచాల నూనెలో మూడు గింజలు వేసి, అవి పేలగానే గుప్పెడు గింజలు పోసి, మూత కొంచెము ఓరగా పెట్టి ఊపితే ఐదు నిమిషములలో పని అయిపోతుంది. కడగడానికి ఒక్క గిన్నె. నా అభిప్రాయము ఏమంటే, ఇంటి మనుషుల కోసమే అయితే మిషను అవసరము లేదు. మనుమలు, మేనల్లుళ్ళు అందరూ చేరే ఇల్లైతే, వేసవి సెలవుల బడికి వచ్చే అరవై మంది పిల్లలకు ఏదైనా పెట్టాలనుకుంటే, అప్పుడు దానికి పని ఉంటుంది. అరవై మందికి మనిషికి అర లీటరు చొప్పున కిలోకు తక్కువ గింజలతోనే సరిపోతుంది. అంత చవకగా అంత మంది చేతులు నింపే చిరుతిండి మరొకటి నాకు కనబడలేదు. అలాంటప్పుడు నాలుగు ఇళ్ళవారు కలిసి ఒక్కటి కొనుక్కొని వంతుల వారీగా వాడుకోవచ్చును. ప్రతి ఇంటికీ ఒకటి ఎందుకు?

సంతలో పెట్టుకుంటానన్న యౌవనస్థునితో నేను అన్నది ఇంతే: గింజల ఖర్చు చూసి లాభము లెక్కవేయవద్దు, సంత లేని రోజులను కూడా లెక్కలో వేయి. వానాకాలపు గాలికి పేలాలు గంటలో మెత్తబడిపోతాయి. మెత్తబడినవి ఎవరూ కొనరు. వడ్డీకి మాత్రము వానాకాలమూ సెలవూ ఉండవు. పెళ్ళి సామాను అద్దెకిచ్చేవారి దగ్గర మిషను దొరికితే నాలుగు సంతలకు అద్దెకు తీసుకొని, ఆ తరువాత ఆలోచించు అన్నాను.

కరెంటు విషయము

అమెరికా నుండి తెచ్చిన మిషనుల విషయములో ఎక్కువగా నష్టము జరుగుతున్నది ఇక్కడే. అక్కడి ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఇక్కడ నుండి అమెరికా వెళ్ళే అమ్మాయికి 110 వోల్టుల మిక్సీ వెతికి కొనిస్తాము గదా, అదే లెక్క వెనుకకు తిరిగి వస్తుంది. 120 వోల్టుల మీద 300 వాట్లు తీసుకునే గిన్నెను మన సాకెట్టులో పెడితే అది దాదాపు 1,100 వాట్లు లాగుతుంది. రెట్టింపు కాదు, మూడున్నర రెట్ల పైన. కొద్ది క్షణములలో నూనె పొగలు కక్కుతుంది, కాయిలు గాని మోటారు గాని కాలిపోతుంది. పిన్నులు సరిపోవాలని పెట్టే చిన్న అడాప్టరు పిన్నుల ఆకారమును మారుస్తుంది గాని వోల్టేజిని మార్చదు. ఈ ఒక్క వాక్యము అమెరికాలో ఉన్న బిడ్డలకు ఫోనులో చదివి వినిపించండి. 230ని 110 లేక 120కి దించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 300 వాట్ల మిషనుకు కనీసము 500 వాట్లది ఉండాలి. దాని ఖరీదూ బరువూ చూశాక, తెచ్చుకోకపోతేనే బాగుండేదని కొందరికి అనిపిస్తుంది.

ఇక్కడ కొన్న పెద్ద మిషనుకు చిక్కు వేరే. దాని మీద 1,300 వాట్లు అని ఉంటే అది 5.7 ఆంపియర్లు తీసుకుంటుంది. బల్బులకు, ఫ్యానులకు వేసిన 6 ఆంపియర్ల సాకెట్టుకు అది అంచు మీద పెట్టిన బరువు. మోటారుకు, గీజరుకు వేసే పెద్ద సాకెట్టులోనే పెట్టాలి. పెట్టె ఒళ్ళంతా రేకు గనుక ఎర్తు తప్పనిసరి. మూడవ పిన్ను విరగగొట్టి రెండు పిన్నులతో నడిపేవారిని చూశాను. ఎవరు చెప్పినా అలా చేయవద్దు.

పల్లెలలో సాయంత్రము వోల్టేజి పడిపోయి 180కి వస్తే, గిన్నెకు అందే వేడి పదింట ఆరు వంతులే. గింజ నెమ్మదిగా కాగుతుంది, లోపలి ఆవిరి పేలకముందే కొంచెము కొంచెముగా బయటకు పోతుంది. చివరకు గిన్నె నిండా నల్లని గింజలు మిగులుతాయి. తప్పు గింజలదీ కాదు, మిషనుదీ కాదు.

వాడే పద్ధతి

గిన్నెను ఖాళీగా మూడు నుండి ఐదు నిమిషములు కాగనిచ్చి, మూడు వంతుల గింజలకు ఒక వంతు నూనె చొప్పున పోయాలి. సినిమాహాళ్ళ రుచి కొబ్బరి నూనె వలన వచ్చినది. 1994లో అమెరికాలో ఒక వినియోగదారుల సంస్థ హాళ్ళలోని పాప్‌కార్న్‌ను పరీక్షించి, అందులోని కొవ్వు గుండెకు మంచిది కాదని చెప్పినప్పుడు పెద్ద అలజడి రేగింది. మనకు వేరుశనగ నూనె చక్కగా సరిపోతుంది. వెన్న మాత్రము గిన్నెలో వేయవద్దు, అందులోని నీరు చిటపటలాడుతుంది, పాలపదార్థము మాడుతుంది. కావాలంటే పేలిన తరువాత చెంచాడు కరిగిన నెయ్యి చల్లుకోవచ్చును. ఉప్పు మిక్సీలో మెత్తగా పొడి చేస్తే పేలాలకు అంటుకుంటుంది, రాళ్ళుప్పు అడుగుకు జారిపోతుంది.

చప్పుడుకు చప్పుడుకు మధ్య రెండు మూడు క్షణముల వ్యవధి రాగానే గిన్నె వంచాలి. చివరి గింజ కూడా పేలాలని ఆశపడితే మొదట పేలినవి మాడిపోతాయి. గిన్నె వేడి ఆపిన తరువాతనే పిల్లలను దగ్గరకు రానివ్వండి. అద్దము కూడా కాలుతుంది.

పసిబిడ్డల గురించి

నాలుగు సంవత్సరములు నిండని బిడ్డకు పాప్‌కార్న్ పెట్టవద్దని పిల్లల వైద్యులు చెబుతారు. పేలము తేలికగా ఉంటుంది గనుక నవ్వినా, ఏడ్చినా, పరుగెత్తినా ఊపిరితో పాటు లోపలికి పోతుంది. గట్టి పొట్టు ముక్కలు, పేలని గింజలు ఇంకా ప్రమాదకరము. పదిమంది పిల్లలు చేరిన చోట పెద్దవాడు చిన్నవాని నోట్లో ప్రేమతో ఒకటి పెడతాడు, అదే భయము. అందుకే పంచే ముందు జల్లెడ పట్టి గింజలు తీసివేయండి, అందరినీ కూర్చోబెట్టి పెట్టండి, చంటిబిడ్డలకు వేరుగా ఒక అరటిపండు చిన్న ముక్కలుగా కోసి ఉంచండి.

సంవత్సరము దాటిన బిడ్డకు గొంతులో అడ్డుపడి దగ్గలేక, మాట రాక ఉంటే, ముందుకు వంచి రెండు భుజముల మధ్య వీపు మీద అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా వేయాలి. రాకపోతే వెనుక నుండి పట్టుకొని బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద లోపలికీ పైకీ ఐదు సార్లు నొక్కాలి. ఆ రెండూ మార్చి మార్చి చేస్తూనే ఒకరిని 108కి ఫోను చేయమనండి. నోట్లో వేళ్ళు పెట్టి కనబడని దానిని వెతకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ దగ్గి తేరుకున్నా, తరువాతి రోజులలో తగ్గని దగ్గు గాని, ఊపిరిలో పిల్లికూత గాని వినిపిస్తే అది జలుబు అనుకోక డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళి, పాప్‌కార్న్ తిన్న సంగతి తప్పక చెప్పండి. ముక్క ఊపిరి గొట్టములో ఉండిపోయి ఉండవచ్చును.

కడిగేది ఎవరు?

కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది. చాలా ఇళ్ళలో ఈ మిషను మూడు నెలలకే అటక ఎక్కడానికి కారణము ఖరీదు కాదు, జిడ్డు. పేలినప్పుడు నూనె తుంపరలు అద్దముల మీద, పైకప్పు లోపల పడతాయి. ఆ రోజే తుడవకపోతే జిగురుగా పట్టి, మరుసటిసారి వేడికి కంపు కొడుతుంది. బొద్దింకలు ఆ కంపును వెతుక్కుంటూ వస్తాయి. ఆ పని ఎప్పుడూ ఇంటి ఆడవారి మీదే పడడము న్యాయము కాదు. మిషను కావాలని పేచీ పెట్టిన వారే తుడవాలని కొనే ముందే ఒప్పందము చేసుకోండి.

ప్లగ్గు తీసివేసి, గిన్నె గోరువెచ్చగా ఉండగానే తడి గుడ్డతో, కొంచెము సబ్బుతో తుడవాలి. గిన్నె అడుగున కరెంటు తీగలు ఉంటాయి గనుక దానిని నీళ్ళలో ముంచకూడదు, కుళాయి కింద పెట్టకూడదు. పీచుతో గీకితే పూత ఊడి పేలాలలో కలుస్తుంది. అడుగున ఉన్న సొరుగును లాగి పేలని గింజలను పారబోయండి, అవి కోళ్ళకు వేస్తే తింటాయి. చాలా రోజులు వాడకుండా పెట్టేటప్పుడు గిన్నెలో నూనె చుక్క కూడా లేకుండా తుడిచి, తలుపు కొంచెము తెరిచి, పైన పాత చీర ముక్క కప్పి ఉంచండి. మరల తీసినప్పుడు మొదటి వాయి ఎవరికీ పెట్టకుండా పారబోసి, రెండవ వాయి నుండి పంచండి.