కొయ్యయోడ సముద్రమును గెలిచిన కథ

పూర్వము మనవారు కాకినాడ, విశాఖపట్టణము రేవులలో స్టీమరునెక్కి రంగము వెళ్లెడివారు. స్టీమరు ఏనాడు బయలుదేరునో, సుమారు ఏనాడు చేరునో ముందుగనే తెలిసియుండెడిది. ఈ నిశ్చయము లోకమునకు సులభముగ లభించినది కాదు. గాలి దయపై ఆధారపడిన ఓడను గాలితో నిమిత్తము లేక నడుపుటకు తొలితరమువారు ఎంత పాటుపడిరో తెలియవలెనన్న ‘గ్రేట్ వెస్టర్న్’ అను పొగయోడ చరిత్రము చాలును. లెక్కలు నేర్చి యేమి ప్రయోజనమని పిల్లలు అడిగినప్పుడు తలిదండ్రులు చెప్పదగిన కథయు నిదియే.

పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున ఇంగ్లండునుండి న్యూయార్కు చేరుటకు తెరచాపల ఓడకు సుమారు ఐదు వారములు పట్టుచుండెను. ఎదురుగాలి వీచినచో మరియు ఆలస్యమగును. నదులలోను, తీరముల వెంబడిని పొగయోడలు అప్పటికే తిరుగుచుండెను. మహాసముద్రము దాటుటలో చిక్కంతయు బొగ్గుతో వచ్చినది. దూరము పెరిగినకొలది బొగ్గు పెరుగవలెను. బొగ్గు పట్టుటకు ఓడ పెరుగవలెను. ఓడ పెరిగినచో దానిని నడుపుటకు మరింత బొగ్గు కావలెను. ఈ చక్రమునకు అంతమెక్కడ? నడుమ ఎక్కడను ఆగక అట్లాంటిక్ సముద్రమును దాటుట సాగెడి పని కాదని పండితులు సైతము వాదించిరి.

ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ అను ఇంజనీరు ఈ చిక్కును ఒక చిన్న లెక్కతో విప్పెను. ఒక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిని రెట్టింపు చేయుడు. అందు పట్టు సరకు ఎనిమిది రెట్లగును. వెలుపలి వైశాల్యము నాలుగు రెట్లు మాత్రమే యగును. ఓడ బొగ్గును మోయు శక్తి మొదటిదానిని అనుసరించును. నీరు ఓడను అడ్డగించు బలము ఇంచుమించుగ రెండవదానిని అనుసరించును. కావున ఓడ పెద్దదైనకొలది దూరప్రయాణమునకు అనుకూలమగునే గాని ప్రతికూలము కాదు.

ఈ నమ్మకముతో బ్రిస్టల్ నగరమున విలియం ప్యాటర్సన్ అను ఓడల నిర్మాత 236 అడుగుల ఓడను ఓక్ కొయ్యతో కట్టి, ఇనుప పట్టీలతో బిగించెను. 1837 జూలై 19న దానిని నీటిలోనికి దింపిరి. లండనులోని మాడ్‌స్లే కంపెనీవారు యంత్రములను అమర్చిరి. ఇరుప్రక్కల 28 అడుగులకు మించిన వ్యాసముగల తెడ్లచక్రములు నిలిచెను. ఆపత్కాలమున అక్కరకు వచ్చునని నాలుగు స్తంభములకు తెరచాపలను కూడ కట్టిరి.

దాని పని తీరు ఇట్టిది. కొలుములలో బొగ్గు మండగా బాయిలరులోని నీరు ఆవిరియగును. ఆవిరి ముషలకమును క్రిందుమీదుగ ఆడించును. ఆ కదలికను పెద్ద మీటలు ఇరుసునకు అందించి చక్రములను త్రిప్పును. బాయిలరులో సముద్రపు నీటినే కాచుటవలన ఉప్పు పేరుకొనును. కావున అప్పుడప్పుడు ఉప్పునీటిని వెలికి వదలుచుండవలెను. బయలుదేరునప్పుడు బొగ్గు బరువుచే చక్రములు లోతుగ మునుగును; బొగ్గు తరిగినకొలది ఓడ తేలి, తెడ్లకు నీరు చాలదు. ఓడ ప్రక్కకు ఒరిగినచో ఒక చక్రము మునుగును, రెండవది గాలిలో తిరుగును. వీటన్నిటి నడుమ కొలిమివద్ద పనివారు వేడిలో, ధూళిలో రేయింబవళ్లు వంతులవారీగ బొగ్గు వేయుచుండవలెను. పైని ప్రయాణికులు పొందిన సుఖము క్రిందివారి చెమట ఫలమే.

1838 మార్చి 31న లండనునుండి బ్రిస్టలుకు వచ్చుచుండగా బాయిలరు చుట్టునున్న పొదుగు అంటుకొనెను. బ్రూనెల్ నిచ్చెన జారి పడి తీవ్రముగ గాయపడెను. ఈ వార్త విని యేబదిమందికి పైగా ప్రయాణము మానుకొనిరి. ఏప్రిల్ 8న ఏడుగురు ప్రయాణికులతోనే ఓడ బయలుదేరెను. నాలుగు దినములు ముందుగ ఐర్లండునుండి బయలుదేరిన ‘సిరియస్’ అను చిన్న పొగయోడ ఏప్రిల్ 22న న్యూయార్కు చేరి ప్రథమ గౌరవము పొందెను. మరునాడే గ్రేట్ వెస్టర్న్ చేరెను. పట్టినది పదునైదు దినములు మాత్రమే! కొట్లలో ఇంకను 200 టన్నుల బొగ్గు మిగిలియుండెను. పందెములో ఓడినను లెక్క గెలిచినది.

1846 వరకు ఆ యోడ అట్లాంటిక్ పై రాకపోకలు సాగించెను. ఆ యేడు కంపెనీవారి రెండవ ఓడయగు ‘గ్రేట్ బ్రిటన్’ ఐర్లండు తీరమున నేలపట్టుటతో వారి ధనము హరించెను. 1847లో గ్రేట్ వెస్టర్న్‌ను రాయల్ మెయిల్ కంపెనీకి అమ్మివేసిరి. అటుపై అది వెస్టిండీస్ దీవులకు టపా మోసెను. క్రిమియా యుద్ధమున సైనికులను చేరవేసెను. నాటికి ఇనుప ఓడలు, వెనుకనుండి త్రోయు మరచక్రములు వచ్చి, కొయ్యకును తెడ్లచక్రమునకును కాలము చెల్లుచుండెను. 1856లో లండనునందు దానిని విరిచివేసిరి.

పదునెనిమిది సంవత్సరముల సేవ ఓడకు స్వల్పమేమి కాదు. అది లోకమునకు ఇచ్చినది వేగము మాత్రమే కాదు, నమ్మకము కూడ. దూరదేశమందున్న కుమారుని జాబు ఏనాటికి వచ్చునో తల్లి ఎరుగగలుగుట ఎంతటి భాగ్యమో, స్వస్థలము విడిచి తరతరములుగ పరప్రాంతముల బ్రదుకుచున్న మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ భాగ్యమునకు మూలము పాఠశాలలో పిల్లలు నేర్చు చదరపు, ఘనపు కొలతల లెక్కయే. వారు పలకపై గీయు పెట్టె బొమ్మను తేలికగ చూడకుందుము గాక.