జీప్ కథ: కనిపెట్టింది ఒకరు, పేరు దక్కింది ఇంకొకరికి

ఇంట్లో మీ తాతయ్యనో అమ్మమ్మనో ఒకసారి అడగండి, జీపు ఏ కంపెనీ బండి అని. "జీపంటే జీపే కదరా, మళ్లీ కంపెనీ ఏంటి?" అంటారు. పోలీసు జీపు, ఫారెస్టు వాళ్ల జీపు, ఎలక్షన్లప్పుడు మైకు కట్టుకుని వీధులు తిరిగే జీపు, ఏజెన్సీ ఊళ్లల్లో పదిమందిని లోపల కూర్చోబెట్టి ఇంకో నలుగుర్ని వెనక వేలాడదీసుకుని పోయే జీపు. మనకు అది బండి రకం పేరు. ఆటో, లారీ లాగా.

అమెరికాలో అలా కాదు. అక్కడ ఆ పేరు 1950 నుంచి రిజిస్టరయిన ట్రేడ్‌మార్క్. ఆ పేరు ఉందనే కంపెనీలు చేతులు మారాయి, ఆ ముఖం పోలికలు వచ్చాయని మన మహీంద్రా మీద కూడా కేసు పడింది. కానీ ఈ బండిని మొదట తయారుచేసిన వాళ్ల పేరు చెప్పమంటే అమెరికాలోనే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఈ ఎపిసోడ్‌లో ఆ కథ చెప్పుకుందాం. ఆ తర్వాత జీప్ కొన్న ఓనర్లు ఏమంటారో చూద్దాం, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కంపాస్ తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు.

సరే, 1940కి వెళ్దాం. యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు గానీ దిగాల్సి వస్తుందని ఆర్మీకి తెలుసు. వాళ్లకి ఒక చిన్న, తేలికైన, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి కావాలి. 135 కంపెనీలకు కబురు పంపారు. షరతులు ఎలా ఉన్నాయో వినండి. బండి బరువు 590 కిలోలు దాటకూడదు. మొదటి బండి 49 రోజుల్లో ఇవ్వాలి. ఇప్పుడైతే కొత్త కారు డిజైన్ చేయడానికి ఏళ్లు పడుతుంది. 49 రోజులంటే పెద్ద కంపెనీలు నవ్వి ఊరుకున్నాయి. ముందుకొచ్చింది రెండే: విల్లీస్ ఓవర్‌ల్యాండ్, అమెరికన్ బాంటమ్.

బాంటమ్‌ది పెన్సిల్వేనియాలో బట్లర్ అనే చిన్న ఊరు. బుల్లి కార్లు చేసేవాళ్లు, అవి అమ్ముడుపోలేదు, కంపెనీ దివాలా అంచున ఉంది. సరైన ఇంజనీర్ కూడా లేడు. డెట్రాయిట్‌లో సొంతంగా పని చేసుకునే కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీర్‌ని బతిమాలి పిలిపించారు. ఆర్డర్ వస్తేనే జీతం, రాకపోతే లేదు. ఆయన జూలై 17న బోర్డు ముందు కూర్చుని రెండే రోజుల్లో డ్రాయింగులు పూర్తి చేశాడు. అసలు బరువు 800 కిలోలు దాటుతుందని ఆయనకి ముందే తెలుసు. కానీ ఫారంలో మాత్రం ఆర్మీ అడిగిన అంకెకు లోబడే రాసేశారు! ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకుంటాం కదా.

విల్లీస్ వాళ్లు ఇంకా టైం కావాలన్నారు, ఆర్డర్ బాంటమ్‌కి వచ్చింది. దొరికిన చోట దొరికిన పార్టులు తెచ్చి బిగించారు. గడువు సెప్టెంబర్ 23, సాయంత్రం 5 గంటలు. ట్రక్కులో ఎక్కించే వ్యవధి కూడా లేదు, బట్లర్ నుంచి మేరీల్యాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్ దాకా దాదాపు 370 కిలోమీటర్లు బండిని నడుపుకుంటూనే వెళ్లారు. చేరేసరికి ఇంకో అరగంటే ఉంది. ఆర్మీ వాళ్లు దాన్ని గోతుల్లో, బురదలో, గుట్టల మీద చావగొట్టి చూశారు. బండి నిలబడింది.

అసలు ట్విస్టు ఇక్కడుంది. టెస్టులు జరుగుతుంటే విల్లీస్, ఫోర్డ్ మనుషులు అక్కడే ఉండి చూశారు. అంతేకాదు, ఆర్మీ బాంటమ్ డ్రాయింగుల్ని వాళ్లిద్దరికీ ఇచ్చేసింది. ఎందుకు? యుద్ధానికి లక్షల బండ్లు కావాలి, ఇంత చిన్న ఫ్యాక్టరీ ఇవ్వగలదా అని ఆర్మీ భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ రాత్రింబవళ్లు కష్టపడిన వాళ్ల వైపు నుంచి చూస్తే గుండె మండే విషయమే.

విల్లీస్ దగ్గర బార్నీ రూస్ అనే ఇంజనీర్ బాగుచేసిన ఇంజిన్ ఉంది, పేరు గో డెవిల్, 60 హార్స్‌పవర్. మిగతా ఇద్దరి ఇంజిన్లకంటే బలమైనది. కాకపోతే బండి బరువు ఎక్కువ. ఆర్మీ పరిమితిని 980 కిలోలకు పెంచినా విల్లీస్ బండి దానికి మించే ఉంది. దాంతో రూస్ టీమ్ బండిని ముక్కలుగా విప్పి, బోల్టులు కత్తిరించి, రంగు కూడా ఒక్క పూతకే ఆపి బరువు తగ్గించారని చెబుతారు. 1941లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కే వెళ్లింది. తర్వాత ఫోర్డ్ కూడా విల్లీస్ డిజైన్ ప్రకారం అవే బండ్లు తయారుచేసింది. రేకును ఒకే దెబ్బలో అచ్చుకొట్టి చేసే నిలువు గీతల గ్రిల్, జీప్ ముఖం అంటాం చూడండి, అది ఫోర్డ్ వాళ్ల ఐడియా. చవగ్గా ఉందని విల్లీస్ కూడా తీసుకుంది.

అంటే అసలు ఆలోచన బాంటమ్‌ది, గుండెకాయ విల్లీస్‌ది, ముఖం ఫోర్డ్‌ది. యుద్ధం అయ్యేసరికి ఆ రెండు పెద్ద కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా బండ్లు చేశాయి. బాంటమ్ చేసినవి 3 వేల లోపే. వాళ్లకి మిగిలిందేంటో తెలుసా? జీపు వెనక తగిలించే ట్రైలర్లు చేసే కాంట్రాక్టు.

జీప్ అనే పేరు సంగతి కూడా చూద్దాం. ఫోర్డ్ కోడ్‌లోని జీ, పీ అక్షరాలు కలిసి జీప్ అయిందని ఒక కథ. పొపాయ్ బొమ్మల కథల్లో 1936లో వచ్చిన యూజీన్ ద జీప్ అనే వింత జంతువు పేరని ఇంకో కథ. ఎక్కడికైనా వెళ్లగల జంతువు అది. సైనికులు అప్పటికే కొత్త వాటిని దేన్నైనా జీప్ అనేవాళ్లని మూడోది. ఏది నిజమో గానీ, పేరు జనంలోకి వెళ్లింది మాత్రం 1941 ఫిబ్రవరిలో. విల్లీస్ టెస్ట్ డ్రైవర్ ఒకాయన వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్ల మీదికి బండి ఎక్కించేశాడు. ఇదేంటని అడిగితే జీప్ అన్నాడు, పేపర్లో పడింది.

జీప్‌ని తామే సృష్టించామని విల్లీస్ ప్రకటనలు వేసుకుంది. దాని మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి, అలా చెప్పుకోకూడదని 1948లో ఆదేశించింది. బాంటమ్ గెలిచినట్టే కదా? లేదు. రెండేళ్లకే, 1950లో, జీప్ ట్రేడ్‌మార్క్ విల్లీస్ పేరు మీదే రిజిస్టరయింది. కనిపెట్టామని చెప్పుకునే హక్కు లేదు, పేరు మాత్రం వాళ్లదే.

యుద్ధం అయ్యాక 1945లో విల్లీస్ మామూలు జనానికి సీజే 2ఏ అనే మోడల్ తెచ్చింది. సీజే అంటే సివిలియన్ జీప్. ఇప్పుడు మనం చూసే ఏడు గీతల గ్రిల్ దీంతోనే మొదలు. హెడ్‌లైట్లు పెద్దవి చేశారు, గీతలు తగ్గాయి, అంతే. దీన్ని రైతులకు అమ్మారు! దుక్కి దున్నొచ్చు, ఇంజిన్ నుంచి పవర్ తీసి రంపం తిప్పొచ్చు, ఆదివారం చర్చికి వెళ్లొచ్చు అని.

ఆ తర్వాత ఓనర్ల లిస్టు గబగబా చెప్పేస్తాను. 1953లో కైజర్, 1970లో అమెరికన్ మోటార్స్, 1987లో క్రైస్లర్, 1998లో జర్మనీ డైమ్లర్‌తో విలీనం, 2007లో సెర్బరస్ అనే పెట్టుబడి సంస్థ, 2009 దివాలా తర్వాత ఇటలీ ఫియాట్, 2021 నుంచి స్టెల్లాంటిస్. చిన్నప్పుడు చేతులు మారిన స్థలాల పత్రాలు చదివినట్టుంది కదా. క్రైస్లర్ అమెరికన్ మోటార్స్‌ని కొన్నది ముఖ్యంగా జీప్ కోసమే. 1984లో వచ్చిన చెరోకీ అప్పటికే హిట్. ఇప్పుడు రోడ్డు నిండా ఉన్న ఎస్‌యూవీల ఫ్యాషన్‌కి దారి వేసిన బండ్లలో అది ఒకటి.

ఇన్నిసార్లు చేతులు మారినా బండి రూపం ఎందుకు మారలేదు? మార్చి చూశారు. 1986లో వచ్చిన రాంగ్లర్‌కి చదరపు హెడ్‌లైట్లు పెట్టారు. పాత ఓనర్లు గోల గోల చేశారు. ఇది జీపే కాదన్నారు. పదేళ్ల తర్వాత, 1996లో, గుండ్రటి లైట్లు మళ్లీ వచ్చేశాయి. అప్పటి నుంచి రాంగ్లర్ ముఖం జోలికి ఎవరూ పోలేదు.

ఇక ఓనర్ల మాటలు. అమెరికాలో రాంగ్లర్ ఓనర్ల మధ్య ఒక ఆచారం ఉంది, ఎదురొచ్చే జీప్‌కి చెయ్యి ఊపాలి. డాలస్‌లో ఉండే మా బావ కొత్తగా రాంగ్లర్ కొన్న వారం, ఎదురొచ్చిన ప్రతివాడూ చెయ్యి ఊపుతుంటే టైరు పంచరయిందేమోనని రెండుసార్లు పక్కన ఆపి చూసుకున్నాడట! 2020 తర్వాత ఇంకో సరదా మొదలైంది. పార్కింగ్‌లో జీప్ కనిపిస్తే దాని మీద బొమ్మ బాతు పెట్టి పోతారు. వచ్చిన బాతుల్ని డ్యాష్‌బోర్డు మీద వరసగా పేర్చుకుంటారు.

మెచ్చుకునేవి: తలుపులు, టాప్ ఊడదీయొచ్చు, అద్దం ముందుకి మడవొచ్చు. రాళ్ల దారుల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. పాతబడినా రేటు పెద్దగా పడదు. పాత 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ గురించి అయితే దేవుడి గురించి చెప్పినట్టు చెబుతారు.

తిట్టుకునేవి: హైవే మీద గాలి హోరు, వాన నీళ్లు కారడం, మైలేజీ. ఇంకోటి భయపెట్టేది, డెత్ వాబుల్ అంటారు. స్పీడులో ఒక గుంట తగలగానే స్టీరింగ్ విపరీతంగా ఊగిపోతుంది. ముందు కూడా మొద్దు ఇరుసు ఉండటం వల్ల, దాని జాయింట్లు అరిగితే వచ్చే జబ్బు ఇది. దీనిమీద అమెరికాలో కోర్టు కేసులు కూడా నడిచాయి. ప్లగ్ఇన్ హైబ్రిడ్ 4ఎక్స్ఈ మోడళ్లకైతే, బ్యాటరీ మంటల ప్రమాదం వల్ల బండిని ఇంటికి దూరంగా పెట్టమని చెబుతూ రీకాల్స్ చేశారు. 60 వేల డాలర్ల బండి కొని వీధిలో పెట్టుకోవడమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. రేట్లు కూడా బాగా పెంచేశారు. 2018లో అమెరికాలో 9.7 లక్షల జీప్‌లు అమ్మితే, 2024కి అది 6 లక్షల లోపుకి పడింది. ఎంత ప్రేమున్నా జేబు చూసుకోవాలి కదా.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. మన పోలీసు జీపులు, ఏజెన్సీ జీపులు చాలావరకు ఆ వంశమే. థార్ కూడా. అదే మహీంద్రా 2018లో రాక్సర్ అనే ఆఫ్‌రోడ్ బండిని అమెరికాలో అమ్మితే, మా రూపం కాపీ కొట్టారని జీప్ యజమానులు కేసు వేశారు. 2020లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వాళ్ల వైపే తీర్పిచ్చింది. మహీంద్రా ముఖం మార్చి అమ్ముకోవాల్సి వచ్చింది. చట్టం ప్రకారం సరైందే కావచ్చు. కానీ బాంటమ్ కథ తెలిసినవాళ్లకి కాస్త నవ్వు రాక మానదు.

2017లో కంపాస్ వచ్చింది, పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారీ, మొదటి రేటు 14.95 లక్షలు. ఓనర్లందరూ ఒప్పుకునేది ఒకటే: సస్పెన్షన్. గుంటల రోడ్డు మీద, హైవే మీద ఆ నిబ్బరం వేరు. తలుపు వేస్తే వచ్చే బరువైన చప్పుడు కూడా చాలామందికి ఇష్టం. 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఫియాట్‌ది, హ్యారియర్‌లో ఉన్నది కూడా అదే కుటుంబం. బాధలు ఏంటంటే వెనక సీటు అంత విశాలం కాదు, పార్టుల రేట్లు ఎక్కువ, సర్వీస్ సెంటర్లు తక్కువ. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ దాటి లోపలి జిల్లాల్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు. పెట్రోల్ ఆటోమేటిక్ ట్రాఫిక్‌లో కుదుపులిస్తుందని కొందరి ఫిర్యాదు, ఆ పెట్రోల్ ఇంజిన్‌ని 2023లో ఆపేశారు కూడా.

కాబట్టి సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు నా మాటగా ఇది రాసుకోండి. డీజిల్ మాన్యువల్ అయితే ముందు చూడండి. సర్వీస్ రికార్డు మొత్తం అడగండి, మధ్యలో ఏడాది ఖాళీ కనిపిస్తే వదిలేయండి. మీ ఊరి నుంచి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో మ్యాప్‌లో కొలవండి. క్లచ్, సస్పెన్షన్ మార్చాలంటే ఎంతవుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ డబ్బు పక్కన పెట్టుకున్నాకే బేరానికి కూర్చోండి. టెస్ట్ డ్రైవ్ నున్నటి రోడ్డు మీద కాదు, మీ ఇంటి దగ్గర గుంటల రోడ్డు మీద చేయండి, అద్దాలు ఎత్తి, పాటలు ఆపి, కింద నుంచి టకటక శబ్దం వస్తోందేమో వినండి.

మీ ఇంట్లో పాత విల్లీస్ గానీ, పాత మహీంద్రా జీపు గానీ ఉంటే ఫోటో పంపండి, దాని కథ కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చూపిద్దాం. ఉంటాను.