టవరు నుండి టవరునకు: ఫోనులో మాట తెగకుండుట ఎట్లు?

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై చిల్లకల్లు దాటి నందిగామ వైపు బస్సులో పోవుచు ఫోనులో మాటలాడువారికి ఒక అనుభవము సామాన్యము. మాట నడుమ గొంతు ముక్కలగును, క్షణకాలము నిశ్శబ్దము, పిమ్మట పిలుపు తెగిపోవును. ప్రత్తి ధర విచారించు రైతునకు ఇది చీకాకు మాత్రమే, మరల పిలువవచ్చును. కాని 108 వాహనములో రోగి ప్రక్కన కూర్చుండి వైద్యుని సలహా అడుగుచున్న సిబ్బందికి మాట తెగుట అంత తేలిక సంగతి కాదు. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

ప్రతి టవరునకు కొంత మేర పొలిమేర కలదు. దానినే సెల్లు అందురు. విశాల ప్రదేశమును ఇట్లు చిన్న సెల్లులుగా విభజింపవచ్చునను ఆలోచన 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. వాహనము ఒక సెల్లు దాటి మరొక సెల్లులో ప్రవేశించునప్పుడు జరుగుచున్న సంభాషణను మొదటి టవరు రెండవ టవరునకు అప్పగింపవలెను. ఇంజనీర్లు దీనిని హ్యాండోవరు అందురు. మనము అప్పగింత అందము. పూర్వము పల్లకీ మోయు బోయీలు దారిలో మారునప్పుడు క్రొత్తవాడు భుజము పెట్టకమునుపే పాతవాడు తప్పుకొనెనా, పల్లకీ క్రుంగును. ఇచటను అంతియే.

ఈ పని ఎట్లు జరుగును? మన ఫోను ఊరకుండదు. చుట్టునున్న టవర్ల బలమును కొలిచి తన టవరునకు నివేదించుచుండును. ప్రక్క టవరు తనకంటె బలముగానున్నదని తెలిసినప్పుడు పాత టవరు “చోటున్నదా?” అని దానిని అడుగును. అది చోటు కేటాయించి ఒప్పుకొనిన పిమ్మట ఫోనునకు ఆజ్ఞ అందును. ఫోను పాతదానిని విడిచి క్రొత్తదానిని పట్టుకొనును. నాలుగవ తరము సేవలో ఈ విడిచి పట్టుకొను కాలము సెకనులో వందవ వంతులతో లెక్కింపదగినంత స్వల్పము, చెవికి తెలియదు. చిక్కంతయు దానికి ముందు జరుగు ఆలస్యములోనే యున్నది.

గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము సెకనునకు 22 మీటర్లు సాగును. నిర్ణయమునకు రెండు సెకనులు పట్టినచో అది 44 మీటర్లు ముందుకు పోయినట్లే. మెట్టప్రాంతములో గుట్ట చాటు వచ్చినప్పుడు పాత టవరు బలము ఒక్కమారుగా పడిపోవును. అప్పటికి ఆజ్ఞ ఫోనునకు చేరనే చేరదు. అట్లని తొందరపడుటయు మంచిది కాదు. కొద్దిపాటి తేడాకే మార్చినచో ఫోను రెండు టవర్ల నడుమ బంతివలె ఎగురుచుండును. అందుచే ప్రక్క టవరు ఎంత బలముగా, ఎంతసేపు కనబడిన మార్పవలెనో ఇంజనీర్లు ఆయా తావులను బట్టి సరిచూడవలసి యుండును. రహదారికి సరిపడిన కొలత సంతవీధికి సరిపడదు.

చోటు లేకపోవుట మరియొక కారణము. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో జనము కిక్కిరిసినప్పుడు అచటి సెల్లు నిండిపోవును. క్రొత్తగా వచ్చువారిని చేర్చుకొనజాలదు. విద్యుత్తు పోయి టవరు మూగపోయినను, ప్రక్క టవరు పేరు జాబితాలో చేర్చుట మరచినను ఫలితమొక్కటే.

గరికపాడు వద్ద రాష్ట్రము మారును గనుక మాట తెగునని కొందరి నమ్మకము. ఇది పొరపాటు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనను, ఫోను సేవల లైసెన్సుల విషయమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకే సర్కిలుగా నున్నవి. 2022లో ఈ ప్రాంతము కృష్ణా జిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి మారిన సంగతియు టవర్లకు పట్టదు!

ఇటీవల ఐదవ తరము సేవకై ఒక మంచి ఉపాయము ఏర్పడినది. బలము తగ్గకమునుపే రెండు మూడు టవర్లలో చోటు సిద్ధపరచి, “ఈ షరతు కుదిరిన వెంటనే మారుము” అని ఫోనునకు ముందుగనే చెప్పియుంచుట. ఆపత్సమయమున ఆజ్ఞకై ఎదురుచూడవలసిన పని యుండదు. అయితే టవర్లు తమలో తాము త్వరగా మాటలాడుకొనవలెనన్న వానికి మంచి ఫైబరు తీగ కావలెను. కాలువ పనులకు, మంచినీటి గొట్టములకు త్రవ్వకము జరుగునప్పుడు ఈ తీగలు తెగుచున్నవి. త్రవ్వకమునకు ముందు తీగల యజమానులకు తెలియజేయుటకై కేంద్ర ప్రభుత్వము 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను ఏర్పాటు ప్రారంభించినది. పంచాయతీ పనులకు పూనుకొను కంట్రాక్టర్లచే దీనిని వాడించుట మన చేతిలోని పని.

టవరు స్థలమునకు అభ్యంతరములు వచ్చినప్పుడు సభ్యులు ఒక సంగతి చెప్పవచ్చును. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో టవర్ల తరంగములకు విధించిన పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదవ వంతు మాత్రమే.

మాట తెగినందుకు పిలుపునకు ఒక రూపాయి చొప్పున పరిహారమీయవలెనని ట్రాయ్ సంస్థ 2015లో నియమము చేసినను, 2016 మే నెలలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. కావున పరిహారముకంటె ఫిర్యాదే దారి. “మా ఊరిలో సిగ్నలు లేదు” అను అర్జీ వలన ప్రయోజనము స్వల్పము. ఏ కిలోమీటరు రాతి వద్ద, ఏ దిశగా పోవుచుండగా, ఏ వేళ, ఏ కంపెనీ ఫోను తెగినదో వారము దినములు వ్రాసి, తీర్మానముతో జతపరచి కంపెనీకి పంపవలెను. బస్సు కండక్టర్లను, ఆటోవారిని, 108 సిబ్బందిని అడిగినచో ఈ పట్టిక సులభముగా తయారగును.