బల్ల మీద పుట్టి వేదికెక్కిన డబ్బా

వంద వాట్ల ట్యూబ్ గిటారు యాంప్లిఫయర్‌లో (ఆంప్‌లో) అసలు మజా తెలిసేది దాని వాల్యూమ్ బాగా తిప్పినప్పుడే. లోపలి ట్యూబులు తట్టుకోలేక సిగ్నల్ కొసలను అణిచేస్తాయి. రాక్ గిటారు గరగరంతా అక్కడిదే. కానీ అపార్ట్‌మెంట్‌లో అంత మోత మోగిస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు కదా!

అమెరికాలోని లైన్ 6 కంపెనీ ఆ ట్యూబుల ప్రవర్తనను లెక్కల్లోకి మార్చి చిప్‌కు అప్పగించింది. 1996లో యాక్సిస్ 212 అనే ఆంప్, 1998లో మూత్రపిండం ఆకారంలో పాడ్ అనే ఎర్ర డబ్బా వచ్చాయి. పేరు తెచ్చింది ఈ రెండోదే. బల్ల మీద పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు.

ఇది ఆంప్‌నే కాదు, దాని స్పీకర్‌నూ, ఎదుట పెట్టిన మైకునూ అనుకరిస్తుంది. గిటారు స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా పలికించదు. ఆ వడపోత లేకపోతే ట్యూబుల గరగర ఈగల మోతలా ఉంటుంది. జర్మనీకి చెందిన క్రిస్టోఫ్ కెంపర్ 2011లో ఇంకో దారి పట్టాడు. ఆయన యంత్రం అసలు ఆంప్‌లోకి వింత వింత కూతలు పంపి, మైకులోంచి తిరిగి వచ్చినదాన్ని విని, ఆ ఆంప్ స్వభావాన్ని పట్టేస్తుంది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా తెలివైన మలుపు ఇదే.

ఇంత తెలివైన డబ్బా కూడా ఇంట్లో అదరగొట్టి కచేరీలో చతికిలబడుతుంది. తప్పు సగం మన చెవిదే. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవికి బేస్ సరిగా ఆనదని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. ఇంట్లో ఆ లోటు పూడ్చడానికి బేస్ పెంచుతాం, మెరుపు కోసం ట్రెబుల్ కూడా పెంచుతాం. అదే సెట్టింగ్ కచేరీ మోతలో బేస్‌ను గుయ్యిమనిపిస్తుంది, ట్రెబుల్‌తో చెవులు పొడుస్తుంది.

కాబట్టి సౌండ్ సెట్టింగ్ వేదిక మీది మోతలోనే, బ్యాండంతా వాయిస్తుండగా చేయాలి. గిటారులో అన్నిటికన్నా మందపు తీగ పలికేది 82 హెర్ట్జ్ దగ్గర. దానికి అటూ ఇటూగా, 80-100 మధ్య, లో కట్ (అంతకన్నా కింది శబ్దాన్ని కోసే వడపోత) పెడితే కింది జాగా బేస్ గిటారుకూ కిక్ డ్రమ్ముకూ దక్కుతుంది. పైన 6-8 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ పెడితే గీరుడు తగ్గుతుంది. మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాలు) మాత్రం తగ్గించకూడదు. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టనిపించినా, డ్రమ్ముల మధ్య గిటారు వినబడేది వాటివల్లే. గరగరను పెంచే గెయిన్ ఇంట్లో నచ్చినదానికన్నా కాస్త తక్కువే ఉండాలి. ఎక్కువైతే ప్రతి మీటూ ఒకే ఎత్తుకు నలిగిపోయి, సోలో వెనక్కి పోతుంది. అందుకే సోలో కోసం పెట్టే ఫుట్‌స్విచ్‌కు గెయిన్ కాకుండా వాల్యూమ్‌నూ, కొద్దిగా మిడ్స్‌నూ కట్టి పెట్టుకుంటారు అనుభవజ్ఞులు.