అమెరికాలో బర్లెస్క్ పునరుద్ధరణము: వేషము పాతది, పెత్తనము క్రొత్తది

వాడుక తప్పిన వేషములు మరల వాడుకకు వచ్చుట లోకమునకు క్రొత్త గాదు. అమ్మమ్మల నాటి వంకీలను, కాసులపేరును మనుమరాండ్రు ముచ్చటపడి పెట్టుకొనుచునే యున్నారు. నగ యదియే; పెట్టుకొను కారణము వేఱు. ఆనాడు పెద్దలు పెట్టగా పెట్టుకొనిరి, ఈనాడు తమకు నచ్చి పెట్టుకొనుచున్నారు. అమెరికాలో గత ముప్పది యేండ్లుగా ఇట్టి పునరుద్ధరణ మొకటి సాగుచున్నది. అది నగలకు సంబంధించినది గాదు. ఒకప్పుడు మర్యాదస్థులు పేరెత్తుటకైనను జంకిన రంగస్థల వినోదమునకును, దానికి తోబుట్టువు వంటి గోడబొమ్మకును సంబంధించినది. ఆ వినోదమునకు బర్లెస్క్ అనియు, ఆ బొమ్మకు పిన్-అప్ అనియు పేళ్లు.

ఈ పేళ్లు విన్నంతనే మోము చిట్లించు సోదరీమణులు మనలో కొందఱుందురు. వారి సంకోచము నిర్హేతుకము గాదు. అయినను ఆ వేషములు వేసిన స్త్రీలెవరు, వారి కష్టఫల మెవరికి ముట్టినది, నేడు వానిని మరల చేపట్టిన స్త్రీలు దేనిని మార్చిరి అను ప్రశ్నలు స్త్రీలమైన మనము విచారింపదగినవే.

బర్లెస్క్ పుట్టుపూర్వములు

బర్లెస్క్ అను మాటకు మూలము పరిహాసమను నర్థమిచ్చు "బుర్లా" యను ఇటలీ పదము. గొప్ప నాటకములను, గొప్పవారిని వెక్కిరించుచు ఆడు హాస్యనాటకమునకే మొదట నీ పేరుండెను. 1868 వ సంవత్సరమున లిడియా థాంప్సన్ అను ఆంగ్లనటి తన బృందముతో న్యూయార్కు నగరమునకు వచ్చి ఇట్టి నాటకములాడెను. నేలనంటు పావడాలు కట్టు ఆ కాలమున ఆ నటీమణులు కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగి, పురుషపాత్రలు ధరించి, ఆనాటి రాజకీయములను, పెద్దమనుష్యుల పోకడలను ఆటపట్టించిరి. జనులు విరగబడి చూచిరి, పత్రికలు మండిపడెను. కాళ్లు కనబడుట కొందఱికి కోపకారణము. ఆడుది నోరు విప్పి మగవారిని ఎగతాళి చేయుట మఱికొందఱికి.

తరువాత జరిగినది గమనింపదగినది. లాభము రుచిచూచిన మగవారు క్రమముగా ఆ యాటల యాజమాన్యమును చేతబట్టిరి. హాస్యసంభాషణలు పురుష విదూషకుల పాలబడెను. స్త్రీకి మిగిలినది మౌనముగా నడచుటయు, వాద్యముల లయకు వస్త్రము లొక్కటొక్కటిగా తీయుటయు మాత్రమే. ఆమె మాటయు, ఆమె వస్త్రమును ఒక్కసారే తగ్గుచు వచ్చెనన్నమాట.

1920, 1930 ప్రాంతముల న్యూయార్కులో మిన్‌స్కీ సోదరుల నాటకశాలలు ఈ వినోదమునకు పేరెన్నికగన్నవి. కఱవుకాలమున చవుకగా దొరకు వినోదమగుటచే జనము క్రిక్కిరిసెడివారు. 1933 వ సంవత్సరపు చికాగో ప్రదర్శనములో శాలీ రాండ్ అను నర్తకి రెండు పెద్ద నిప్పుకోడి యీకల విసనకర్రలతో చేసిన నాట్యము దేశమంతట మాఱుమ్రోగెను. చూపుటకంటె చూపకపోవుటయే ఆ విద్యలోని నేర్పు. జిప్సీ రోజ్ లీ యను నామె యైతే ఒక చేతితొడుగు తీయుటకే ఎంతో సేపు పట్టించి, ఆ నడుమ చమత్కారముగా మాటలాడి జనులను నవ్వించెడిది. ఆమె 1941 లో ఒక అపరాధపరిశోధక నవలను, 1957 లో స్వీయచరిత్రను వ్రాసెను. పోయిన మాటను మరల సంపాదించుకొన్న యా యొక్కతెయే రంగస్థలమును దాటి దేశప్రసిద్ధి గాంచుట విశేషము.

1937 లో నగరాధ్యక్షుడు లాగార్డియా ప్రభుత్వము ఆ నాటకశాలల అనుమతిపత్రములను పునరుద్ధరింపక మూయించెను. ప్రకటన ఫలకములపై బర్లెస్క్ అను మాటయు, మిన్‌స్కీ యను పేరును కూడ నిషిద్ధములైనవి. విదూషకులలో పలువురు రేడియోకును, చలనచిత్రములకును పోయి స్థిరపడిరి. నర్తకులకు అట్టి దారులు తక్కువ. వారు రాత్రి విహారశాలలను, తిరునాళ్ల డేరాలను ఆశ్రయించిరి. చట్టము తలుపు మూయగలిగెను గాని, లోపల నున్న స్త్రీకి వేఱొక తలుపు చూపలేదు.

గోడకు గుచ్చిన బొమ్మ

మన యిండ్లలో పంచాంగపు కాగితములపై లక్ష్మీసరస్వతుల బొమ్మ లుండునట్లు, అమెరికాలో దుకాణములలోను, పనిశాలలలోను వ్రేలాడు క్యాలెండర్లపై నవ్వు మోముల పడుచుల బొమ్మ లుండెడివి. గుండుసూదితో గోడకు గుచ్చుకొనదగినది గావున పిన్-అప్ అను పేరు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులు వీనిని తమ పెట్టెలలో, గుడారములలో దాచుకొనిరి. 1943 లో తీసిన బెట్టీ గ్రేబుల్ అను సినీనటి ఛాయాచిత్రము అందఱికంటె నెక్కువ ప్రసిద్ధికెక్కెను.

గిల్ ఎల్వ్‌గ్రెన్ వంటి చిత్రకారులు ముందుగా ఛాయాచిత్రము తీసి, దానినిబట్టి చిత్రము వ్రాసెడివారు. వ్రాయునపుడు నడుము సన్నగిల్లును, కాళ్లు పొడవగును. కావున నెదుట నిలిచిన పడుచునకే తన బొమ్మవలె నుండుట సాధ్యము గాదు. ఆ చిత్రకారులలో స్త్రీలును గలరు. జోయీ మోజర్ట్ అను నామె అద్దము ముందు నిలిచి, తనను తానే చూచుకొని పెక్కు చిత్రములు వ్రాసెను. చూచు కన్నును, చూడబడు రూపమును ఒక్క స్త్రీవే యగుట ఆనాటికి చిత్రమైన సంగతి.

ఈ బొమ్మల కథలో మఱపురానిది బెట్టీ పేజ్ చరిత్రము. 1923 లో టెన్నెసీ రాష్ట్రపు నాష్‌విల్ పట్టణమున పేదయింట పుట్టి, కొంతకాలము చెల్లెండ్రతో అనాథశరణాలయమున పెరిగిన యీమె పట్టభద్రురాలై కొన్నాళ్లు బడిపంతులమ్మగా పనిచేసెను. న్యూయార్కు చేరి ఛాయాచిత్రముల కొఱకు నిలుచుటకు ప్రారంభించినది 1950 లో. కుట్టుపనిలో నేర్పరి గావున తాను ధరించు దుస్తులు పెక్కింటిని తానే కుట్టుకొనెడిది. 1954 లో ఫ్లోరిడాలో ఆమె చిత్రములు తీసిన బన్నీ యేగర్ కూడ స్త్రీయే. అంతకుముందు తానును ఛాయాచిత్రములకు నిలిచిన యామెయే. 1957 లో బెట్టీ ఆ వృత్తి విడిచి లోకులకు కనబడకుండ పోయెను. తరువాతి జీవితము కష్టములమయము. మానసిక వ్యాధిచే ఏండ్ల తరబడి వైద్యశాలలో నుండవలసివచ్చెను. ఇంతలో 1980 దాటిన పిమ్మట ఆమె పాతచిత్రములు మరల వెలుగులోనికి వచ్చి పుస్తకములుగా, పటములుగా అమ్ముడుపోసాగెను. ఆ సొమ్ములో ఆమెకు చాలకాలము పైసయైన ముట్టలేదు. 1990 తరువాతనే న్యాయవాదుల తోడ్పాటుతో కొంత రాబడి చేతికందెను. 2008 లో ఆమె మరణించెను. రూప మామెది, ఫలితము పరులది. పాతకాలపు పిన్-అప్‌లోని లోపమంతయు ఈ యొక్క బ్రదుకున గోచరించును.

ఎడారిలో దాచిన జ్ఞాపకములు

నేటి పునరుద్ధరణమునకు విత్తనము వేసినది పండితులు గారు, ధనికులు గారు. వయసు మళ్లిన నర్తకులే. జెన్నీ లీ యను నర్తకి 1955 లో తోటివారిని గూర్చి, మంచి వేతనముల కొఱకు ఒక సంఘము స్థాపించెను. ఆ స్నేహితురాండ్ర దుస్తులు, విసనకర్రలు, చిత్రములు ఆమె ప్రేమతో భద్రపఱచెను. కాలిఫోర్నియాలో హెలెన్‌డేల్ వద్ద మొహావీ యెడారిలో, పూర్వము మేకలను పెంచిన యొక దొడ్డి ఆ వస్తువులకు నిలయమయ్యెను. 1990 లో ఆమె రొమ్ముపుండుచే మరణింపగా, మార్లిన్ మన్రో అనుకరణమునకు పేరుపొందిన డిక్సీ ఎవాన్స్ అను స్నేహితురాలు ఆ భారము వహించెను. ఎడారిలోని ప్రదర్శనశాలకు జనులను రప్పించుటకై 1991 లో ఆమె ఒక వార్షికపోటీ నేర్పాటు చేసెను. వృద్ధనర్తకులు వచ్చి తమ యాటలు మరల చూపిరి. యువతులు వచ్చి నేర్చుకొనిరి. తరువాత ఆ ప్రదర్శనశాల లాస్‌వేగస్ నగరమునకు మారినది. 2013 లో డిక్సీ కాలధర్మము నొందునాటికి ఆమె పేరెఱుగని బర్లెస్క్ నర్తకి లేదనవచ్చును.

సభలలో నేటికిని పాతతరము స్త్రీలకు ప్రత్యేకగౌరవము చేయుదురు. ఎనుబదియేండ్ల వృద్ధురాలు తళుకుల దుస్తులతో రంగమెక్కి చేయి చాచినంతనే సభ యంతయు లేచి నిలుచును. స్త్రీకి యౌవనము గడచినంతనే విలువ లేదను వ్యాపారములో ఇది చిన్న మార్పు గాదు.

క్రొత్త తరము

1995 లో మిషెల్ కార్ అను స్త్రీ లాస్ ఏంజెలిస్ నగరమున వెల్వెట్ హామర్ అను బృందమును నెలకొల్పెను. న్యూయార్కులోను అప్పుడే ఇట్టి ప్రదర్శనములు మొలకెత్తినవి. 2001 లో న్యూ ఆర్లియన్స్ నగరమున టీజ్-ఓ-రామా అను పేరిట దేశము నలుమూలల నుండి నర్తకులు కూడిరి. జో వెల్డన్ న్యూయార్కులో దీనికొక పాఠశాలయే నడుపుచు, 2010 లో ఈ విద్యపై పుస్తకము ప్రకటించెను.

ఒక్కొక్క యాట కొద్ది నిమిషములది. అందొక చిన్న కథ, ఒక పాట, ఒక హాస్యము ఉండును. రాజకీయులను వెక్కిరించుటయు మరల వచ్చినది. అనగా లిడియా థాంప్సన్ నాటి మాట తిరిగి వచ్చినదన్నమాట. ఆట కూర్చునది, సంగీత మెంచునది, కార్సెట్టు బిగించి తళుకురాళ్లు కుట్టుకొనునది చాలవఱకు ఆ నర్తకియే. సన్ననివారు, స్థూలకాయులు, తల్లులు, నడివయస్కులు అందఱును రంగమున కనబడుదురు. ప్రేక్షకులలో స్త్రీలు పెక్కురు. వీరిలో లోకప్రసిద్ధురాలు 1972 లో మిషిగన్ రాష్ట్రమున పుట్టిన డీటా వాన్ టీజ్. చిన్నతనమున లోదుస్తుల అంగడిలో పనిచేసిన యీమె, మనిషి పట్టునంత మధుపాత్రలో చేయు నాట్యముతో దేశదేశముల పేరుగాంచినది. తల దువ్వుకొనుట, ముఖాలంకరణము ఆమె స్వహస్తములతోనే చేసికొనును.

పిన్-అప్ కూడ ఇట్లే మారినది. సామాన్యగృహిణులు, ఉద్యోగినులు జుట్టును చుట్టలుగా చుట్టి, ఎఱ్ఱని పెదవిరంగు పూసి, 1940 నాటి పూలగౌనులు తొడిగి ఛాయాచిత్రములు తీయించుకొందురు. తీయువారు పలుచోట్ల స్త్రీలే. ఆ బొమ్మ ఇతరుల గోడకు గాక తమ యింటి గోడకే చేరును.

మఱచిపోరాని సంగతులు

అయినను ఇదంతయు వెన్నెలయే యని చెప్పుట న్యాయము గాదు. పాతకాలపు సొంపును స్మరించువారు ఆ కాలపు అన్యాయమును మఱవరాదు. డిట్రాయిట్ నగరమునకు చెందిన టోనీ ఎల్లింగ్ అను నల్లజాతి స్త్రీ టెలిఫోను సంస్థలో పనిచేయుచు, పదోన్నతి దొరకక, 1960 లో ముప్పదిరెండవ యేట ఈ రంగమున ప్రవేశించెను. డ్యూక్ ఎల్లింగ్‌టన్ అను సంగీతవిద్వాంసుని పేరునుండి తన రంగనామము గ్రహించెను. తెల్లవారి కిచ్చు వేతనమును, అవకాశములును ఆమె వంటివారికి దొరుకుట దుర్లభముగా నుండెను. పుస్తకములలో వారి బొమ్మలు చాలకాలము కానరాలేదు. నేడు నల్లజాతి స్త్రీలును తమ బృందములు తామే కట్టుకొని ఆ లోటు తీర్చుచున్నారు.

రాబడి సంగతియు చెప్పవలెను. డీటా వంటివారు బహు కొద్దిమంది. తక్కిన నర్తకులలో చాలమంది పగలు వేఱు పని చేసికొని, రాత్రి వచ్చినది దుస్తులకే వెచ్చింతురు. స్వాతంత్ర్యము వచ్చినది గాని జీవనోపాధి ఇంకను రాలేదు. మఱియు, స్త్రీ తాను కోరి చేసినంతమాత్రమున చూపఱుల దృష్టి మారునా యను ప్రశ్నకు అచ్చటి స్త్రీలలోనే ఏకాభిప్రాయము లేదు.

ఈ కథ వినునపుడు మన తెలుగునాటి చరిత్ర మనసునకు తట్టక మానదు. మన దేవాలయ నృత్యమునకును, అమెరికా వినోదశాలకును పుట్టుకలోను, ఆశయములోను పోలిక లేదు. కాని కందుకూరి వీరేశలింగముగారి నాటినుండి జరిగిన భోగముమేళముల నిరసనమును, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టమును తలచినచో ఒక ప్రశ్న మాత్రము ఉభయులకును సమానము: దురాచారమును తొలగించునపుడు, అందు చిక్కిన స్త్రీ విద్యయు, ఆమె గౌరవమును ఏమి కావలెను? నటరాజ రామకృష్ణగారు వృద్ధకళావతుల గడపలకు పోయి వారి విద్య నభ్యసించి, ఆంధ్రనాట్యమను పేరిట నిలిపియుండకున్నచో ఆ విద్య వారితోనే అంతరించియుండెడిది.

ఆ వేషమును మన యాడపడుచులు వేయవలెనని చెప్పుట ఈ వ్యాసకర్త్రి యుద్దేశము గాదు. ఎవరి మర్యాద వారిది, ఎవరి యభిరుచి వారిది. కాని ఏ నాట్యమునైనను, ఏ చిత్రమునైనను చూచునపుడు చీర యెన్ని గజములని కొలుచుటతోనే మన పరీక్ష ముగియరాదు. ఆ యాట నెవరు కూర్చిరి, ఆ సొమ్మెవరి కొంగున ముడిపడినది, ముసలితనమున ఆమెను పలుకరించు వారెవరు అని కూడ అడుగవలెను. జెన్నీ లీయు, డిక్సీ ఎవాన్సును ఎడారి దొడ్డిలో కాపాడినది తళుకుల దుస్తులను మాత్రమే గాదు. తోటి స్త్రీల శ్రమకు పేరును, వార్ధక్యమునకు ఆదరమును గూడ కాపాడిరి.