పంకా రెక్కపై దుమ్ము

పండుగకు ముందు ఇల్లు దులుపునపుడు పంకా రెక్కలను తుడువని గృహిణి యుండదు. నిమిషమునకు 300 మారులు తిరుగుచు మనకు గాలి నిచ్చు నా రెక్కలపై నెల తిరుగకమునుపే దుమ్ము పేరుకొనుచున్నది. మొన్న కాకుమానులోని మా యింట నిచ్చెన పట్టుకొని నిలిచిన మా అమ్మాయి, “అమ్మా! ఇంత వడిగా తిరుగుచుండగా ఈ దుమ్మేల యెగిరిపోదు?” అని యడిగినది. పని తొందరలో నేను, “నోరు మూసుకొని నిచ్చెన పట్టుకో” యని కసరితిని. రాత్రి మావారితో నీ మాట చెప్పగా, “పిల్ల యడిగినది చిన్న ప్రశ్న గాదు సుమా” యనిరి. విచారింపగా నిజమే యని తేలినది.

1904లో హైడెల్‌బర్గు నగరమున జరిగిన గణితవేత్తల మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ అను జర్మను పండితుడు ఈ రహస్యమును విప్పెను. గాలి యే వస్తువు నొరసికొని పోవునో, దాని నంటిన గాలి దానికే యతుకుకొని యుండును. దానిపై పొర కొంచెము జారును. ఆపై పొర మరికొంచెము జారును. ఇట్లు కొద్ది మిల్లీమీటర్ల యెత్తులోనే గాలికి పూర్తి వేగము వచ్చును. మన కాలువలలో నీరు గట్టువద్ద మెల్లగాను, నడుమ వడిగాను పారుట చూచుచున్నాము గదా! ఈ పలుచని భాగమునకు సరిహద్దు పొర యని పేరు. దుమ్ము దాని యడుగున దాగియున్నది. అచ్చట దాని నెగురగొట్టు గాలి లేదు.

ఈ పొరపైననే పందెపు కార్ల వారి ప్రాణము లాధారపడి యున్నవి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదున హుస్సేను సాగరు నొడ్డున మన దేశమునందలి మొదటి ఫార్ములా ఇ విద్యుత్కార్ల పందెము జరుగగా, ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. అట్టి కార్లకు రెక్క లుండును. అవి యెగురుటకు గాదు, నేలను విడువకుండుటకు. విమానపు రెక్కను తలక్రిందులు చేసినట్లు వాని యడుగు భాగము ఉబ్బుగా నుండును. అచ్చట గాలి వడిగా పరుగెత్తును. వడి హెచ్చిన చోట ఒత్తిడి తగ్గును. అందుచే పైనున్న గాలి రెక్కను క్రిందికి నొక్కును. వేగము రెట్టింపైన ఈ నొక్కుడు నాలుగు రెట్లగును. గరిటె కాడ కొనను వదులుగా పట్టుకొని, దాని వీపును కొళాయి ధారకు తాకించి చూడుడు. ధార దానిని త్రోసివేయదు, తనవైపునకే లాగుకొనును. ఉబ్బు వెంబడి వంగిపోవు ప్రవాహపు స్వభావ మట్టిది.

అయితే ఉబ్బు దాటిన పిమ్మట గాలి హెచ్చు ఒత్తిడిలోనికి ఎదురెక్కవలసి యుండును. వెలుపలి గాలికి వడి కలదు గనుక ఎక్కగలదు. సరిహద్దు పొరలోని గాలి యలసి, నిలిచి, వెనుకకు మరలును. అంతట ప్రవాహము రెక్కను వీడి సుడులు పడును. నొక్కుడు తగ్గి, మలుపులో కారు జారును.

దీనికి ఉపాయము లున్నవి. ఒక పెద్ద రెక్కకు మారుగా రెండు మూడు రెక్కలను సన్నని సందు విడిచి వరుసగా నమర్చుదురు. ఆ సందులగుండ వచ్చు వడిగల గాలి అడుగు ప్రవాహమునకు క్రొత్త బలమిచ్చును; ప్రతి రెక్కపైనను పొర క్రొత్తగా మొదలగును. మరియు నున్నగా సాగు పొరకంటె కలత పడిన పొర యెక్కువ దూరము అంటిపెట్టుకొని యుండును. ఏలన, ఆ కలత పైనున్న వడిని అడుగునకు దించును. క్రికెట్టు బంతి కుట్టువలన ఒక ప్రక్క గాలి ఇట్లే కలతపడి, బంతి గాలిలో ప్రక్కకు వంగును.

నున్నని పొర కలత పడు విధమును గూర్చి బెంగుళూరున సతీష్ ధావన్, రొద్దం నరసింహ గార్లు చేసిన పరిశోధన 1958లో వెలువడినది. మన శ్రీహరికోట రాకెట్టు కేంద్రమునకు 2002లో ఆ ధావన్ గారి పేరే పెట్టబడినది. మా అమ్మాయి యడిగిన ప్రశ్నయు, ఆ మహానుభావులు జీవితమంతయు తరచిన విషయమును ఒక్క జాతివే గదా!

మగపిల్లవాడు ప్రశ్న వేసిన తెలివియనియు, ఆడపిల్ల వేసిన వదరుతనమనియు తలచు వాడుక మన యిండ్లలో నింకను పోలేదు. నా నోటనే యది వెలువడినది. మరునాడు అమ్మాయిని కొళాయివద్దకు పిలిచి, గరిటె చేతికిచ్చి, తెలిసినంత చెప్పితిని. విని, “అమ్మా! దుమ్ము రెక్క అంచుననే యెక్కువగా నేల పట్టును?” అని మరల నడిగినది. ఈ మారు నేను కసరలేదు.