పేరు తెలియని నీటి సాక్షి

మూసీనది సూర్యాపేట చేరువలో జలాశయమై నిలిచి, మిర్యాలగూడ ప్రాంతాన వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కోదాడ పొలాలను సాగరు ఎడమకాలువ తడుపుతుంది. ఇట్టి నీళ్లలో రాళ్లపై గోధుమవన్నె జిగురుపొరగా పేరుకొనేవి డయాటములు. ఇవి గాజువంటి సిలికా కవచం ధరించిన ఏకకణ శైవలాలు. భూమిపై ఏటా పుట్టే ప్రాణవాయువులో సుమారు ఐదోవంతు వీటి చలవే.

వీటిలో కొత్త జాతిని గుర్తించడం సులభం కాదు. నమూనాను ఆమ్లంతో శుద్ధిచేసి, మిగిలిన కవచాల కొలతలనూ, 10 మైక్రోమీటర్ల నిడివిలోని చారలనూ సూక్ష్మదర్శినితో లెక్కించాలి. కవచం మూతగల డబ్బీ వంటిది. కణం విభజన చెందినప్పుడు మూత దక్కిన పిల్ల తల్లియంత ఉంటుంది. అడుగురేకు దక్కినది కొంత చిన్నది. తరాలు గడిచేకొద్దీ తాతకూ మనుమనికీ పోలిక తగ్గి, ఒకే జాతి రెండుగా భ్రమ గొలుపుతుంది. అందుచేత అనేక కణాలను పరిశీలించి, పూర్వం వర్ణించిన జాతులతో పోల్చిన పిమ్మటనే నామకరణం చేస్తారు. ఆధారమైన మూలనమూనాను శాశ్వతంగా భద్రపరుస్తారు. వర్ణన లాటినులోనే ఉండాలన్న నియమం 2012లో సడలి, ఇంగ్లీషుకూ అనుమతి లభించింది.

ఇంత శ్రమ దేనికి? కొన్ని డయాటములు నిర్మలజలంలోనే వర్ధిల్లుతాయి. కొన్ని మురుగునూ సహిస్తాయి. వి. వెంకటేశ్వర్లు 1969లో ప్రచురించిన మూసీ శైవలాల పరిశోధన నీటి కాలుష్యాన్నే ప్రధానంగా విచారించింది. నగరపు మురుగును మోసుకొచ్చే నదికి ఈ సూక్ష్మజీవులే సాక్షులు. సాక్షి పేరు తప్పితే సాక్ష్యమూ తప్పుతుంది.